వెతికినా దొరకకూడని చిరునామా

నాకు మొండితనం ఎక్కువని మా మేనేజరుగారు అప్రైజల్లోనే రాశారు. రాసుకోనీ. అది ఎక్కడ బయటపడిందో మాత్రం ఆయన రాయలేదు, నేను చెబుతాను.

ఇంటి దగ్గర పనులు చేసిపెట్టేవాళ్ళను వెతికిపెట్టే సైటు మాది. టైలరు కావాలని కొడితే దగ్గర్లోని టైలరు పేరు, ఇంటి చిరునామా, ఫోను నంబరు వస్తాయి. అవి ఇట్టే దొరికేలా పేర్చిపెట్టిన ఇండెక్సును చూసుకోవడం నా ఉద్యోగం. మాదాపూర్‌లో ఇంత పెద్ద గాజు మేడలో కూర్చున్నా, మా ఇంజినీర్లు నెలకో రోజు కస్టమర్ల ఫోన్లు ఎత్తి తీరాలి. జనం బాధలు తెలియాలట. ఆ రోజంటే నాకు తగని చిరాకు.

అలాంటి రోజే కూకట్‌పల్లి నుంచి ఒకామె ఫోన్ చేసింది. జాకెట్లు కుడుతుందట. మాట్లాడుతూనే మిషను తొక్కుతోంది.

"అక్కా, నా పేరు తీసెయ్యుండ్రి. మా ఆయన్ని ఇడిసిపెట్టి వచ్చిన. యాడున్ననో దేవులాడుతుండు. దొరికితే సంపుతడు."

అక్కడికక్కడే తీసేశాను. "ఫికర్ చెయ్యకు చెల్లె, ఇగ నువ్వు ఎవ్వరికీ దొరకవు" అన్నాను. మిషను చప్పుడు ఆగింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఇండెక్సు పాడైంది. ఏం వెతికినా ఖాళీ. మొదటి నుంచి పేర్చాలంటే మర్నాటిదాకా పడుతుంది. అంతకుముందు దాచిపెట్టిన బ్యాకప్ ఫైలు నుంచి తెస్తే చిటికెలో పని. తెచ్చాను. జనానికి తెరిచే ముందు ఫైలు తారీఖు చూశాను. అది ఆమె ఫోన్ చేసిన రోజుకు ముందుది. వెతికి చూశాను. ఆమె పేరు, ఇంటి నంబరు, సందుతో సహా మళ్ళీ వచ్చి కూర్చుంది.

మేనేజరుగారు నా కుర్చీ వెనకే నిలబడ్డారు. "ముందు తెరిచేయండి. తీసేయమన్నవాళ్ళను తర్వాత నెమ్మదిగా తీసేద్దామండి. మహా అయితే గుప్పెడు మంది."

"గా గుప్పెట్ల ఒకామె పానం ఉంది సార్. నేనైతే తెరువ."

"పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయండి!"

"అయితే మీరే తెరువుండ్రి. కుర్సీ ఇస్త, కూసోండ్రి. ఆమెను దేవులాడే మొగుడు ఇయ్యాల తలుపు కొడితే జవాబు మీరే చెప్పాలె."

నిజంగానే లేచి నిలబడ్డాను. భయం లేదని చెప్పను, ఇంకో ఉద్యోగం వెతుక్కునే ఓపిక నాకెక్కడిది? ఆయన కూర్చోలేదు. బటన్ నొక్కే వేలు ఎప్పుడూ ఇంకొకరిదై ఉండాలి ఆయనకు.

అందరి వివరాలూ రాసిపెట్టి ఉండే అసలు డేటాబేసు బాగానే ఉంది. ఆ బ్యాకప్ తర్వాత తమను తీసేయమన్నవాళ్ళందరినీ అందులోంచి ఏరి, ఇండెక్సులో ఒక్కొక్కరినే తుడిచాను. ఆయన గాజు గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటూనే ఉన్నారు. పొద్దు వాలుతుండగా తెరిచాను.

హాలంతా చప్పట్లు. ప్లంబర్లు దొరుకుతున్నారు, వంటవాళ్ళు దొరుకుతున్నారు. నేను మాత్రం ఆమె పేరు కొట్టాను. ఏమీ రాలేదు. వాడు వెతికేలాగే ఊరితో, సందుతో, ఫోను నంబరుతో కూడా కొట్టి చూశాను. రాలేదు.

"దేవులాడుకోరా, ఎంత దేవులాడుకుంటవో" అని పైకే అన్నాను. మేనేజరుగారు తిరిగి చూశారు. చూడనీ.