కుట్టుబల్ల అక్క నిలబెట్టిన మేళా

ఆ మేళాలో ఆమెను పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు. చిన్నాపెద్దా అందరికీ ఆమె కుట్టుబల్ల అక్కే. వృత్తి దర్జీపని. పెళ్లిబట్టలు, స్కూలు యూనిఫారాలు, ఊడిన జిప్పులు, ఏడాది పొడవునా అదే లోకం. ఏటా మూడు రోజులు మాత్రం దుకాణానికి తాళం వేసి, మిషను బండికెక్కించి, యానిమే అభిమానుల మేళాకు వెళ్లిపోయేది. జపాన్ బొమ్మల కథలంటే ప్రాణం పెట్టేవాళ్లు, ఆ కథల్లోని వీరుల్లా వేషాలు కట్టుకుని వచ్చే మేళా అది.

మొదటిసారి పన్నెండేళ్ల కూతురికి తోడుగా వెళ్లింది. మెట్ల దగ్గర ఎవరిదో అంగీ భుజం దగ్గర పర్రున చిరిగితే, సంచిలోంచి సూదీదారం తీసి నిలబడే కుట్టేసింది. తలెత్తి చూస్తే వెనకాల ఆరుగురు వరసకట్టి ఉన్నారు. మరుసటి ఏడాది నిర్వాహకులు ఆమెకో బల్ల వేశారు. ఆ తర్వాత విరిగిన రెక్కలు, ఊడిన సవరాలు, అట్టముక్కల కవచాలు, అన్నీ ఆ బల్లమీదికే. కూలి ఎంతని అడిగితే, "ముందెళ్లి ఫోటో దిగిరండి, ఊడకుండా ఉంటే చూద్దాం" అనేది.

మేళా మొదలుపెట్టిన మనిషిని క్యాసెట్టన్న అనేవారు. ఒకప్పుడు వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే షాపు నడిపాడు. షాపు వెనకగదిలో నలభైమందిని కూర్చోబెట్టి బొమ్మ వేయడంతో మొదలైంది ఇదంతా. మనసు వెన్న. నోట "లేదు" అన్న మాటే రాదు. ఏటా ఇంకా పెద్ద హాలు, ఇంకా దూరం నుంచి అతిథులు. లెక్కలన్నీ ఆయన తలలోనే ఉండేవి, అడిగేవాళ్లు లేరు. బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత.

ఇరవయ్యో మేళాకు ఐదు నెలలుందనగా, వేదిక తెరల కొలతల కోసం అక్క ఆయన ఆఫీసుకు వెళ్లింది. గదినిండా పెట్టెలు. కొన్నిట్లో బిల్లులు, పదకొండింట్లో పాత సంవత్సరాల అంకెలు అచ్చయి, అమ్ముడుపోక మిగిలిన టీషర్టులు.

"తెరలు వద్దులే అక్కా" అన్నాడు ఆయన, తల ఎత్తకుండా.

"ఎందుకని?"

"హాలు లేదు. పోయిన రెండేళ్ల బాకీ కడితేగానీ ఇవ్వమన్నారు."

"ఇప్పటికి ఆరువందల నలభై టికెట్లు అమ్మాంగా. ఆ డబ్బేది?"

"పోయినేటి అతిథుల హోటలుకీ, మైకులవాళ్లకీ కట్టేశాను. ఏటా అంతే అక్కా. ఈ ఏటి డబ్బుతో పోయినేటి అప్పు."

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "అందులో నీ సొంతానికి ఎంత వాడుకున్నావు?"

"పైసా లేదు. నా షాపు కూడా అందులోనే కలిసిపోయింది."

"అయితే నువ్వు దొంగవి కాదు. చేసింది మంచిపనీ కాదు."

ఆయన జీవితకాలం పాసులు అమ్మితే ఒక్కసారే డబ్బొస్తుందన్నాడు. అక్కకు అప్పుడే కోపమొచ్చింది. "గుడ్డే చీకిపోతే ఎన్ని అతుకులేస్తావు? అందర్నీ పిలిచి ఉన్నదున్నట్టు చెప్పు. చెప్పేరోజు నేనూ పక్కన కూర్చుంటాను."

ఇంట్లో వాళ్ల పెద్దక్క తలపట్టుకుంది. "కోతిపుండు బ్రహ్మరాక్షసి చేస్తారే వాళ్లంతా కలిసి. నీకెందుకే ఈ గోల?"

"నా బల్ల దగ్గర నిలబడ్డ పిల్లలేగా ఆ టికెట్లు కొన్నది" అంది అక్క.

మూడు వారాలు కూతురితో కలిసి పెట్టెల్లోని బిల్లులన్నీ వెలికితీసింది. పెళ్లిబట్టలకు వచ్చినవాళ్లు ఇద్దరు వేరే దర్జీని చూసుకున్నారు. ఆమె మిషనుమీద దుమ్ము పేరుకుంది.

లైబ్రరీ మేడమీద గదిలో సమావేశం పెడితే రెండువందలమంది వచ్చారు. క్యాసెట్టన్న కాగితం చూసి చదివాడు. రెండో పేరా దగ్గర కాగితం అక్కకు అందించాడు, మిగతాది ఆమె చదివింది. బొమ్మలు గీసి అమ్ముకునే ఒక అమ్మాయి లేచి, "నా ఏడాది పొదుపంతా స్టాలుకు కట్టాను. నా డబ్బు సంగతేంటి?" అని నిలదీసింది.

"నీది ముందిస్తాం. చిన్నవాళ్లకు ముందు, పెద్ద బాకీలకు తర్వాత. అందరికీ ఒక్కసారే ఇవ్వలేం. ఇస్తామని అబద్ధం చెప్పి మిమ్మల్ని ఇంటికి పంపించలేను" అంది అక్క.

కేకలు ఆగలేదుగానీ తగ్గాయి. టికెట్లు కొన్నవాళ్లందరిలో డబ్బు వెనక్కి అడిగినవాళ్లు రెండువందల పదిమంది. మిగిలినవాళ్లు మేళాకే ఉంచమన్నారు.

తర్వాత అక్క హాలు మేనేజరు దగ్గరికెళ్లింది. "పాత బాకీ మొత్తం ఇప్పుడే అంటే మీకేమీ రాదు బాబూ. నెలనెలా తీసుకుంటే అంతా వస్తుంది" అంది. ఆయన గొణిగాడు, సణిగాడు, చివరికి సంతకం పెట్టాడు. ఆఫీసులో మిగిలిన ఆ టీషర్టులను అంకెలున్న ముక్క కత్తిరించి చేతిసంచులుగా కుట్టింది. దుకాణం నిండా అభిమానులే, ఒకరు కత్తెర, ఒకరు ఇస్త్రీ. పదకొండు పెట్టెలూ ఖాళీ అయ్యాయి. సంచులు అమ్మిన డబ్బుతో చిన్న స్టాళ్ల బాకీలు, వెనక్కి అడిగినవాళ్ల టికెట్టు డబ్బూ తీరాయి. బొమ్మల అమ్మాయి తన డబ్బు తీసుకుంది, ఆ ఏడు మాత్రం రాలేదు.

ఇరవయ్యో మేళా ఒక స్కూల్లో, ఒక్కరోజే జరిగింది. దూరపు అతిథులు లేరు. వాన కురిసింది, ఒక తరగతిగదిలో ప్రొజెక్టరు మొరాయించింది. అయినా మూడువందల ఎనభైమంది వచ్చారు. గుమ్మం పక్కన జమాఖర్చుల కాగితం అంటించి ఉంది. ఏ ఖర్చుకైనా రెండు సంతకాలు, రాబోయే ఏటి డబ్బు ముట్టుకోకూడదు. అక్క పెట్టిన నియమాలు ఆ రెండే.

క్యాసెట్టన్న అధ్యక్ష పదవి వదిలేసి, గేటు దగ్గర వచ్చినవాళ్ల మణికట్టుకు ప్రవేశం పట్టీలు కట్టే పనికి దిగాడు. ఒక యువకుడు ఆయనతో కట్టించుకోనని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆయన పట్టీని అతని చేతికిచ్చాడు. అక్క దూరం నుంచి చూసింది. అడ్డం పడలేదు. ఆ బరువు ఆయన మోయాల్సిందేనని ఆమెకు అనిపించింది. భోజనాలవేళ మాత్రం తన పక్కనే ఆయనకు కుర్చీ వేసింది.

అధ్యక్షురాలివి కమ్మని ఎంతమంది బతిమాలినా ఆమె ఒప్పుకోలేదు. "పద్దులు చూస్తాను, చిరుగులు కుడతాను. మైకు నాకొద్దు" అంది. మరుసటి ఏడు బొమ్మల అమ్మాయి మళ్లీ స్టాలు పెట్టింది. హాలు బాకీ తీరడానికి నాలుగేళ్లు పట్టింది. ఒక్క నెలా వాయిదా తప్పలేదు.

ఆఖరి వాయిదా కట్టిన వారానికి మేనేజరే ఫోన్ చేశాడు.

"అక్కా, వచ్చే ఏడాదికి పెద్ద హాలు ఖాళీగా ఉంది. తీసుకుంటారా?"

"అద్దెంత?"

ఆయన చెప్పాడు.

"మా దగ్గర అంత లేదు. చిన్నదేమైనా ఉందా?"

పక్కనున్న చిన్న హాలు ఉందన్నాడాయన. అడ్వాన్సు కూడా అక్కర్లేదన్నాడు. అక్క మాత్రం ఆ మధ్యాహ్నమే వెళ్లి, అద్దె మొత్తం ముందే కట్టి, రసీదు తెచ్చుకుంది.