రెండు తాళాల గిర్ని

తాండూరులో నేను పనిచేసే పిండి గిర్నిని అమ్మేస్తున్నానని సేటు చెప్పినప్పుడు నా చేతుల్లో ఎవరిదో జొన్నల డబ్బా ఉంది. దాన్ని దించడం కూడా మరిచిపోయి నిలబడ్డాను.

"పిండి దుమ్ముకు దమ్ము లేస్తున్నది బిడ్డా. గిర్నిల నిలవడొద్దన్నడు డాక్టరు. సెల్‌ఫోన్ల దుకాణం పెడతనని ఒకాయన అడుగుతున్నడు. గీ మిషిన్లు పాత సామానోనికి ఏస్తడంట."

"మరి నేను, సేటూ?"

"నువ్వే తీస్కో. ఆయన ఇచ్చేదే నువ్వు ఇయ్యి. అమాస దాకా ఆగుత."

ఎగతాళికి అనలేదు ఆయన. మా ఆయన చనిపోయినప్పటి నుంచి అక్కడే పనిచేస్తున్నాను. ఎనిమిదేళ్లు. చప్పుడు వింటే చాలు, అరిగిన పిండి రాళ్లకు గంట్లు కొట్టించాలో, బెల్టు వదులైందో చెప్పగలను. చదువంటే నా పేరు రాసుకోవడం వరకే, అదీ ఆగి ఆగి. ఇది కూడా నేను చెబుతుంటే మా బిడ్డ రాస్తోంది. గిర్ని పోతే మా ఇద్దరికీ కూడు పోయినట్టే.

వికారాబాద్‌లో ఒక బ్యాంకు ఆడవాళ్లకు అప్పులిస్తోందని విని పొద్దున రైలుకు పోయాను. అక్కడి సారు ఆధార్ కార్డు తీసుకుని కంప్యూటర్‌లో చూశాడు. చూస్తూ చూస్తూ నవ్వు ఆపేశాడు.

"అమ్మా, నీ పేరు మీద పాత గ్రూపు లోన్ కట్టకుంట ఉన్నది. స్కోర్ కరాబైంది. గిది ఉండంగ మాకు ఇయ్యరాదు."

"నేను ఒక్క రూపాయి తీస్కోలే సారూ. నా బిడ్డ మీద ఒట్టు."

"గీ వేలిముద్ర నీదేనా కాదా?"

అప్పుడు గుర్తొచ్చింది. నాదే.

మా గల్లీలో అప్పట్లో చక్కెర అడిగినట్టు పేరు అడిగేవాళ్లు. గ్రూపు లోన్లు ఇచ్చేవాళ్లు ఒక పేరుకు ఒక అప్పే ఇచ్చేవాళ్లు. తన పేరు మీద అప్పటికే అప్పున్నామె పక్కింటికి వచ్చి, "అక్కా, జర నీ పేరు ఇయ్యి, వాయిదాలు నేనే కట్టుకుంట" అనేది. ఇచ్చేవాళ్లం. ఇవ్వకపోతే రేపు మనకు ఎవరు ఇస్తారు? మా పక్కింటామె కోసం నేను వేలిముద్ర పెట్టి, బొటనవేలి సిరా కొంగుకు తుడుచుకుని ఇంటికొచ్చి వంట చేసుకున్నాను. ఆ తర్వాత కరోనా వచ్చింది, ఆమె ఊరు మారింది. నేను మరిచిపోయాను. కంప్యూటర్ మరిచిపోలేదు.

తిరుగు రైల్లో భుజాన సంచి ఉన్న ప్రతి మగవాడూ అప్పు వసూలుకు నన్ను పట్టుకోవడానికే వచ్చినట్టు అనిపించింది. నా ఎదురుగా కూర్చున్నాయన జేబులోంచి కాగితం తీశాడు. నేను ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను. ఆయన దాంట్లో వక్కపొడి కట్టుకున్నాడు, అంతే.

ఆ పక్కింటామె వికారాబాద్‌లోనే ఉందని గల్లీలో విని, మర్నాడు మళ్లీ పోయి వెతికాను. ఒక మెస్సులో రొట్టెలు చేస్తోంది. నన్ను చూసి పిండి చేతులతోనే లేచి నిలబడింది.

"కరోనాల అందరియి మాఫ్ అయినయన్నరు అక్కా. నాది గూడ అయిందనుకున్న."

"ఎవలన్నరు?"

"ఎవలో అన్నరు."

"ఎవలో అన్నరని నన్ను ముంచినవా? నీ పేరు సల్లగున్నది, నా పేరు బ్యాంకుల కుళ్లిపోయింది!"

"తిట్టు, కొట్టు. ఊకె గట్ల సూడకు అక్కా, నాకు భయమైతున్నది."

"నీకా భయం? నా భయంల సగం ఇస్త, తీస్కో."

ఆమె ఏడ్చింది, మధ్యలో నవ్వింది, మళ్లీ ఏడ్చింది. పెనం మీద రొట్టె మాడిపోయింది. చివరికి ఇద్దరం కలిసి ఆ లోన్ల ఆఫీసుకు పోయాం. ఆమె నెలనెలా కడతానని ఒప్పుకుంది. అక్కడి పిల్లగాడు మాత్రం, అంతా తీరాక కూడా కంప్యూటర్‌లో మారడానికి కొన్ని నెలలు పడుతుందన్నాడు. అమావాస్య ఇంకా తొమ్మిది రోజులే ఉంది.

సేటుకు చెప్పాలంటే సిగ్గు కన్నా భయమే ఎక్కువైంది. ఎగవేతదారు అనుకుంటే ఇప్పుడే వెళ్లగొడతాడు. పిండి ఊడుస్తూ, తల ఎత్తకుండా అంతా చెప్పాను. గిర్ని పైసలు నెలనెలా ఇచ్చుకుంటానన్నాను.

"పేరు ఇచ్చుడేంది బిడ్డా, చాట ఇచ్చినట్టు?" అన్నాడు. "సెల్‌ఫోన్లాయన ఒక్కపారే ఇస్తడు. నీకు జమానత్ ఎవలుంటరు, నువ్వు కట్టకుంటే ఎవలిస్తరు?"

"ఎవలు లేరు సేటూ."

ఆయన దగ్గుకుంటూ ఇంటికి పోయాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

రెండు రోజులకు పాత సామాను కొనేవాడు మిషిన్లు చూడటానికి వచ్చాడు. మోటారును తట్టాడు, ఇనుప చట్రాన్ని తట్టాడు. రాళ్ల మీద కాలు పెట్టి, "గివి నాకొద్దు, బయట పారేయుండ్రి" అన్నాడు. అవి సేటు తండ్రి తెచ్చిన రాళ్లు. పొద్దున వాటికి దండం పెట్టకుండా సేటు స్విచ్ వేసింది నేనెప్పుడూ చూడలేదు.

"కాలు తియ్యి," అన్నాడు సేటు.

"ఏంది?"

"రాయి మీదికెంచి కాలు తియ్యి. నడువు బయటికి."

అతను పోయాక సేటు నా వైపు తిరిగాడు. "ముందుగాల బయానా ఎంత తెస్తవ్?"

మా అమ్మ వెండి కడియాలున్నాయని చెప్పాను. అవి అమ్మి తెచ్చాను. మిగిలినది పద్దెనిమిది నెలల వాయిదాలు. జమానత్ లేదు కాబట్టి ఆయన ఒక షరతు పెట్టాడు.

"పైసలు తీరేదాక షట్టర్‌కు రెండు తాళాలు. ఎడమది నీది, కుడిది నాది. పొద్దుగాల చాయ్‌కి వస్త గద, గప్పుడు నాది తీస్త. వాయిదా తప్పినవా, తియ్య."

స్టాంపు కాగితం మూడుసార్లు చదివించుకున్నాను. రాసినాయన విసుక్కున్నాడు. నాలుగోసారి కూడా చదివించుకునేదాన్నే, అడగడానికి ధైర్యం చాలలేదు.

అప్పటి నుంచి నా పొద్దు ఆయన దగ్గుతో మొదలైంది. నా తాళం తీసి మెట్టు మీద కూర్చుని, గల్లీ చివర దగ్గు వినబడుతుందా అని చెవి పెట్టేదాన్ని. ఆయనకు జ్వరమొస్తే? ఆయన కొడుకు నాకు అమ్మొద్దంటే? సెల్‌ఫోన్లాయన ఇంకో వెయ్యి ఎక్కువిస్తానంటే? దగ్గు వినబడగానే లేచి షట్టర్ పట్టుకునేదాన్ని.

ఏడో నెలలో మోటారు కాలిపోయింది. వైండింగ్ చేయించడానికి ఏడో వాయిదా పైసలన్నీ పోయాయి. ఒకటో తారీఖు పొద్దున ఉత్త చేతులతో మెట్టు మీద కూర్చున్నాను. అయిదారుగురు ఆడవాళ్లు డబ్బాలు వరుసగా పెట్టి నిలబడ్డారు. సేటు వచ్చాడు. నా చేతుల వైపు చూశాడు. తాళంచెవి జేబులోంచి తీయలేదు.

"ఏది?"

"మోటార్‌కు అయినయి సేటూ."

"కాగితంల మోటార్ సంగతి లేదు బిడ్డా."

ఏం మాట్లాడానో నాకే తెలియలేదు, నోరు దానంతట అదే కదిలింది.

"మీ తాళం ఉన్నదాక గిర్ని మీదే గద సేటూ? మీదైతే కాలింది మీ మోటారే. మీ మోటారు నేను బాగు చేయించిన."

డబ్బాల దగ్గర ఒక ముసలమ్మ కిసుక్కున నవ్వింది. "ఓ సేటూ, ఇగ జెప్పు జవాబు! రొట్టెలకు పిండి లేదు ఇంట్ల, మా కోడలు కొడతది నన్ను!"

ఆయనకు కోపమొచ్చిందో నవ్వొచ్చిందో తెలియలేదు, దగ్గే వచ్చింది. చాలాసేపు దగ్గి, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"మోటార్ ఖర్చు సగం నాది," అన్నాడు. "సగం నీది. నీ సగం వచ్చే నెల వాయిదాల కలిపి ఇయ్యాలె. గింతె, ఇంకోపారి లేదు."

కుడి తాళం తీశాడు. షట్టర్ ఎత్తుతుంటే ఆ ముసలమ్మ కూడా ఒక చెయ్యి వేసింది. మోటారు తిరిగింది. మొదటి పిండి వెచ్చగా నా అరచేతిలో పడింది. ఆ సగం కాక ఇంకా పదకొండు వాయిదాలున్నాయి. ఇంకోపారి లేదని ఆయన చెప్పాడు, చెప్పిన మాట మీద నిలబడే మనిషి ఆయన.