పొట్టికాలు స్టూలు

మొన్న మనవరాలి బడి నుంచి ఫోన్‌లో సందేశం వచ్చింది. పిల్లలు సొంతంగా ఒక నమూనా చేసి తేవాలట. మా కోడలు అది చదివి, ఫిల్మ్ నగర్‌లో సెట్టింగులు వేసే ఎవరికో ఫోన్ చేసి, శుక్రవారానికల్లా కావాలని చెప్పేసింది. నేను కాళ్ళు పాత చెక్కస్టూలు మీద చాపుకుని విన్నాను. తప్పని చెప్పడానికి నాకు మొహం లేదు.

జూబ్లీహిల్స్‌లో ఒక బడిలో నేను చేతిపనులు నేర్పే వర్క్ ఎడ్యుకేషన్ టీచర్‌గా ఉండేదాన్ని, పేరుకే. వారానికి రెండు పీరియడ్లు. లెక్కల మాస్టారు గుమ్మంలో నిలబడి ఓ నవ్వు నవ్వేవారు, నేను నా పీరియడ్ ఆయనకి వదిలేసి, సంచి సర్దుకుని బయటికి నడిచేదాన్ని. డ్రాయింగు మాస్టారిదీ అదే గతి. ఇద్దరం స్టాఫ్ రూంలో కూర్చుని, నేర్పని పనికి మార్కులు వేసేవాళ్ళం. ఏడాది చివర ప్రదర్శన మాత్రం ఘనంగా జరగాలి. బంగళాల పిల్లలు గోల్కొండ కోటలూ చార్మినార్లూ కార్లలో దింపించేవారు. పదమూడేళ్ళ చేతులకి అంత పనితనం ఎక్కడిదని అడిగినవాళ్ళు లేరు, నాతో సహా.

ఒక ఏడాది, ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె చెక్కస్టూలు చేసి తెచ్చింది. వాళ్ళ నాన్న సినిమా సెట్ల వడ్రంగి. స్టూలుకి ఒక కాలు పొట్టి, రెండు మేకులు వంకర. కోటకి 'ఎ' వేసి, స్టూలుకి 'సి' వేశాను. సాయంత్రం ఆయన వచ్చాడు, చొక్కా నిండా రంపపు పొట్టుతో. బల్లలన్నీ మెల్లగా చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు.

"గా కోట, గా చార్మినార్, అన్నీ నేను చేసినయే మేడం. గిదొక్కటే మా పిల్ల చేసింది. నన్ను చెయ్యి గూడ పెట్టనియ్యలే."

కాళ్ళు సమంగా లేవండీ అన్నాను.

"సమంగ చేసుడు నాకొస్తది. దానికి మీరు నేర్పుతరనే గద బడికి పంపింది."

మార్కు దిద్దుతానని చెప్పాను. దిద్దలేదు. దిద్దాలంటే ఆ 'ఎ'లన్నీ ఎలా వచ్చాయో ప్రిన్సిపాల్ మేడంకి చెప్పుకోవాలి. ఆ పిల్ల స్టూలు తీసుకుపోలేదు. నాలుగు రోజులు చూసి, ఆటోలో మధురానగర్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాను. అప్పుడు సిగ్గేసింది, ఇప్పటికీ వేస్తుంది.

పొట్టికాలు కింద కాగితం మడిచి పెడుతుంటాను. అది నలిగితే ఇంకోటి. నిన్న మారుస్తుంటే మనవరాలు చూసి, చిన్న చెక్కముక్క పెట్టి మేకు కొట్టెయ్యచ్చు కదా నానమ్మా అంది. నాకు కొట్టడం రాదని చెప్పాను. నేర్చుకోవడానికి, వారానికి రెండు పీరియడ్ల చొప్పున, ముప్ఫై ఏళ్ళ కాలం నా చేతిలోనే ఉండేది.