కల్లంలో ఆగిన సైకిలు

నేను బొమ్మలు వేస్తానని మా ఊళ్లో అందరికీ తెలుసు. ఏం వేస్తానో మాత్రం అడగరు, మర్యాదస్తులు. దర్శి చుట్టుపక్కల మనుషులు చెప్పిన కలల్ని కాన్వాసు మీద కథలుగా వేసి హైదరాబాదులో అమ్ముకుంటాను. చాలా ఏళ్లుగా ఇదే నా వృత్తి. ఫిర్యాదులేమీ రాలేదు.

నిరుడు మిరప కల్లంలో రంగు పోయిన తాలు కాయలు ఏరుతూ మా పెద్దమ్మ తన కల చెప్పింది. చనిపోయిన పెదనాన్న, ఆరబోసిన కాయల మీదుగా సైకిలు తొక్కుకుంటూ పోతాడట. ఒక్క కాయా చిట్లదు. ఈవిడ పిలుస్తూ వెనక పరిగెత్తుతుంది. ఆయన ఆగడు. వారానికోసారైనా వచ్చే కల.

వేశాను. కాయల ఎరుపు బాగా కుదిరింది. సైకిలును మాత్రం ఆపేశాను. కదిలే సైకిలు గీయడం నాకు చేతకాదు. నా బొమ్మల్లో ఏదీ కదలదు. పత్రికలవాళ్లు దాన్ని నిశ్చలత అని రాశారు, నేనూ ఖండించలేదు. పెదనాన్న ఒక కాలు నేలకు ఆనించి, వెనక్కి తిరిగి పెద్దమ్మ కోసం చూస్తుంటాడు. ప్రదర్శన మొదటిరోజే ఎవరో కొనుక్కుపోయారు.

ఫోన్లో ఫొటో చూపిస్తే పెద్దమ్మ చాలాసేపు చూసింది. "ఆగాడే!" అంది.

నెల తర్వాత పొద్దున్నే నా గది తలుపు కొట్టింది.

"ఏరా, నీ బొమ్మ చూసినకాడ్నించి మీ పెదనాన్న కల్లోకి రావట్లేదు."

"దానికి నాదా పూచీ, పెద్దమ్మా?"

"ఆపింది నువ్వే గదరా! ఆగినాయన ఇంకెందుకొస్తాడు? కదిలించు."

నవ్వబోయి, ఆవిడ కళ్లకింద నలుపు చూసి మానేశాను. కొన్నాయనకు ఫోన్ చేసి, సైకిలు కొంచెం సవరిస్తానన్నాను. గోడకు బాగా అమరిందండీ, ముట్టుకోవద్దన్నాడు. ఇక కొత్త కాన్వాసు మీద అదే బొమ్మ మళ్లీ మొదలుపెట్టాను. రెండు నెలలైంది. చక్రాలు తిప్పబోతే పెదనాన్న పడిపోయేలా ఉంటాడు. చెరుపుతాను, కల్లందాకా వెళ్లొస్తాను, మళ్లీ చెరుపుతాను. కొత్త ప్రదర్శన వాయిదా వేయించాను. నాకూ నిద్ర తగ్గింది.

పెద్దమ్మ రోజూ పనికి పోతూ కిటికీలోంచి అడుగుతుంది, "కదిలాడా?"

"ఇంకా లేదు."

నిన్న లోపలికే వచ్చింది. బొమ్మలో పెదనాన్న నేలకు ఆనించిన ఆ కాలి మీద వేలు పెట్టింది. రంగు అంటింది, తుడుచుకోలేదు.

"ఒరేయ్, చక్రాల జోలికి పోమాక. ఈ కాలు తీసి పెడలు మీద పెట్టు చాలు. మిగతాది ఆయన చూసుకుంటాడు."

పొద్దుటినుంచి నాలుగుసార్లు కుంచె తీశాను. కాలు ఎత్తితే, ఆవిడ వైపు చూస్తున్న ఆ ముఖాన్ని కూడా ముందుకు తిప్పాలి. చేతకాక కాదు, చెయ్యి రావడం లేదు.