గోనె సంచిలో బ్రేకులు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెబుతాను. మూరెడంటే జానెడనుకోండి, జానెడంటే బెత్తెడనుకోండి. ఈ ప్రయాణంలో మోసిన ఇనుము బరువు ప్రతి బస్టాండులోనూ పెరుగుతూ పోతుంది. అందులో నా తప్పేమీ లేదు, మోసినవాడికి అట్లాగే పెరుగుతుంది.

రెండు వేల మూడో, నాలుగో సంవత్సరం ఎండాకాలం. గద్వాలలో మా నరసింహులు బావకు వాళ్ళ నాన్న కొన్న పాత కారు ఉండేది. కదలడానికి ఎంత ఆలోచించేదో ఆగడానికి అంతకు రెట్టింపు ఆలోచించేది. ఒకరోజు బీచుపల్లి ఆంజనేయస్వామి గుడికి దిగే వాలులో బావ బ్రేకు తొక్కితే, అది కొబ్బరికాయల బల్ల దాకా వెళ్ళి ఆగింది. ఒక్క దెబ్బకు వెయ్యి కాయలు కొట్టిన భక్తుడు కృష్ణా నదికి అటూ ఇటూ మా బావ ఒక్కడే. పక్క సీట్లో ఉన్న మా అక్క దిగి, బస్సెక్కి ఇల్లు చేరింది.

"ఇగ ఆ బండ్ల నేను కూసోను. నేను కూసోని బండి నా వాకిట్ల ఎందుకు?" అంది.

పాత ఇనుము కొనేవాడు ఆదివారం సాయంత్రం వచ్చి కారు తోలుకుపోయేటట్టు మాటయింది. బావ రెండు రోజులు అన్నం తినలేదు (ఒక పూట అనుకోండి). మూడో రోజు ఎక్కడినుంచో కొత్తరకం కారువి డిస్కు బ్రేకులు పట్టుకొచ్చాడు. ఆదివారం లోపల కారు ఆగాలి, అక్క ఎక్కాలి. కానీ ఆ డిస్కులు మా కారుకు పట్టవు. అంచు పెద్దది, నడిమి బెజ్జం చిన్నది, బోల్టుల బెజ్జాలేమో వాటి ఇష్టం వచ్చిన చోట ఉన్నాయి. వాటిని దారికి తేగలిగిన, ఇనుము చెక్కే లేత్ మిషన్ మనిషి వనపర్తిలో రహీం చాచా.

శుక్రవారం పొద్దున గద్వాలలో ఉగ్గాని, బజ్జి తిని ఆరుంపావు బస్సెక్కాం. చీరను అగ్గిపెట్టెలో మడిచే ఊరి నుంచి గోనె సంచిలో పట్టని ఇనుముతో బయలుదేరినవాళ్ళం మేమే అయి ఉంటాం. సంచిలో రెండు డిస్కులు, వాటి సరంజామా. బావ భుజాన పాత చక్రం రిమ్ము. గద్వాలలో సంచి బరువు పదిహేను కిలోలు. ఎర్రవల్లి చౌరస్తాలో పక్కకు జరిపితే ఇరవై అయింది.

పక్క సీటు పెద్దమ్మ సంచి మీద కాళ్ళు పెట్టి, "ఏందయ్యా ఇండ్ల, ఇంత సల్లగున్నది?" అంది.

"కారు బ్రేకులమ్మా."

"కారేది మరి?"

"ఇంటికాడున్నది."

"కారు ఇంట్ల, బ్రేకులు బస్సుల. మంచిగనే ఉన్నది మీ తెలివి!"

పెబ్బేరు దాకా బస్సంతా నవ్వింది. డ్రైవరు కూడా నవ్వాడు, అప్పుడు మాత్రం నాకు భయం వేసింది.

ఎనిమిది దాటాక వనపర్తి. సంచి ముప్పై కిలోలు. చాచా డిస్కును చేతిలో తిప్పి, చూపుడువేలి గోటితో టంగుమని కొట్టి, చెవి దగ్గర పెట్టుకొని విన్నాడు. డాక్టర్లు కూడా మనల్ని అంత శ్రద్ధగా వినరు. తర్వాత మిషన్ మీద ఎక్కించాడు. ఇనుప పొట్టు వేడివేడిగా చుట్టలు చుట్టుకుంటూ రాలింది. ఆ కాలిన నూనె వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు వనపర్తి గుర్తుకొస్తుంది.

తిరుగు ప్రయాణంలో మోయాల్సింది నేనే కాబట్టి ఒక సలహా ఇచ్చాను. "చాచా, జర పలుచగ చెక్కరాదు. బరువు తగ్గితే బండి ఉరుకుతది."

"పలుచగ చెక్కితే వేడికి పగుల్తది సార్. బరువు తగ్గాలంటే నువ్వు దిగు, బండి డెబ్బై కిలోలు తేలికైతది."

బావ అంతగా నవ్వడం ఆ వారంలో అదే మొదలు. నేను వదల్లేదు. బరువు తగ్గేటట్టు డిస్కులకు కనీసం బెజ్జాలైనా వేయమన్నాను. చాచా గడ్డం గోక్కున్నాడు.

"చిన్నయి ఏస్త. గని మా దుకాణంల ఒక రివాజున్నది. బ్రేకుల గిది తియ్యి, గది తియ్యి అని చెప్పినోడు మొదటిసారి తొక్కేటప్పుడు బండ్ల ముందర కూసోవాలె. చేసినోన్ని నేను ఎనక కూసుంట."

"దానికేం చాచా, కూసుంట" అన్నాను. బండి అప్పుడు అరవై కిలోమీటర్ల దూరంలో ఉంది.

బల్ల మీద అన్నీ బిగించి చూస్తే ఇంకో చిక్కు. డిస్కును పట్టి నొక్కే కాలిపర్ పాత రిమ్ము లోపల రాసుకుంటోంది. ఇంచు పెద్ద రిమ్ము కావాలి. రాత్రికి లాడ్జిలో పడుకొని, శనివారం తొమ్మిది గంటల బస్సుకు బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూల్ వెళ్ళాం. అక్కడొకాయన దగ్గర నాలుగు అల్లాయ్ రిమ్ములు దొరికాయి. బావ ఒకదాన్ని చిటికెన వేలితో ఎత్తాడు, నేను ఊదితే ఎగిరింది. మీరెప్పుడైనా ఆ దారిన రిమ్ములతో పోతే చివరి సీటు పట్టండి, నాలుగూ పక్కపక్కన కూర్చుంటాయి. మధ్యాహ్నం వనపర్తికి తిరిగొచ్చాక చాచా వాటి నడిమి బెజ్జాలు మా కారు చక్రాల హబ్బుకు సరిగ్గా పట్టేటట్టు తొలిచాడు. వెలుతురుండగానే గద్వాల బస్సెక్కాం.

ఆదివారం పొద్దున చాచా టిఫిన్ డబ్బాతో గద్వాల దిగాడు. కొత్త రిమ్ములకు సరిపోయే టైర్లు ఎక్కించి, అన్నీ బిగించి, వాకిట్లో అడుగడుగు ముందుకూ వెనక్కూ తోలి చూశారు. తర్వాత ముగ్గురం నత్తనడకన బీచుపల్లి చేరాం. అక్క బస్సులో వచ్చింది. "ఆగితే చూస్త" అంది, అంతే.

మూడున్నరకు వాలు పైన నిలబడ్డాం. మమ్మల్ని చూడగానే కొబ్బరికాయలాయన బల్ల ఎత్తుకొని నదిదాకా పరుగెత్తాడు. బల్ల ఉన్న చోట చాచా తన టిఫిన్ డబ్బా పెట్టాడు. "ఇండ్ల నా రొట్టెలున్నయి నర్సింలూ. తగిల్నదంటే నాకు పస్తే."

చాచా వెనక కూర్చున్నాడు. నేను ఛాతీ విరుచుకొని ముందు కూర్చున్నాను. అక్క పూలదండ పట్టుకొని గుడి మెట్ల మీద నిలబడింది. పెదవులు వణుకుతున్నాయి, మోకాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. కారు వాలులో రాకెట్టులా దూకింది. బావ తొక్కాడు. దుమ్ము లేచింది. దుమ్ము తగ్గాక చూస్తే కారుకూ డబ్బాకూ మధ్య బెత్తెడు చోటుంది.

చాచా రొట్టెలు అందరం పంచుకొని తిన్నాం. అక్క ముందు, నేనూ చాచా వెనక కూర్చొని గద్వాల బయలుదేరాం. కిటికీలోంచి కృష్ణ మీది గాలి. వాకిట్లో పాత ఇనుమువాడు కాచుకొని ఉన్నాడు. అక్క కిందికి దిగకుండానే, "బండి అమ్మం. గా పాత బ్రేకు డ్రమ్ములున్నయి, తీస్కపో" అంది.

ఆ కారు ఇంకా ఎన్నో ఏళ్ళు తిరిగింది. చాచా లేత్ ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. అరిగిన డిస్కుల్లో ఒకటి మా ఇంట్లో నీళ్ళకుండకు కుదురయింది. దాని బెజ్జాలు చూసినప్పుడల్లా ఆ మూడు రోజులూ తిరిగొస్తాయి, ఒప్పుకోవాల్సిన మాట కూడా.

బరువులు, కాయలు మీరే తగ్గించుకుని ఉంటారు. కానీ ఒక్కటి పూర్తిగా కల్పించాను. ముందు సీట్లో కూర్చున్నది నేను కాదు. చాచా తలుపు తీసి, "రా సార్, బెజ్జాలు చెప్పింది నువ్వే గద" అన్నప్పుడు, దర్శనం చేసుకోలేదని నాకు హఠాత్తుగా గుర్తుకొచ్చింది. బావ స్టీరింగు వైపే చూస్తున్నాడు. అక్క నన్ను చూసింది, బావను చూసింది. దండ నా చేతిలో పెట్టి, వెళ్ళి ముందు సీట్లో కూర్చుని, "నడువు" అంది. మెట్ల మీద కొట్టుకున్న మోకాళ్ళు నావి.

తిరుగు దారిలో ఎర్రవల్లి దాటాం. తర్వాత అక్కే వెనక్కి తిరిగింది.

"మొక్కినవా రా?"

"మొక్కిన."

"గట్టిగనే మొక్కినట్టున్నవ్, ఆగింది" అని, కిటికీ అద్దం ఇంకాస్త దించుకుంది.