గుమ్మం ముందు చెప్పులు లేవు

బడి ముఖం చూడకుండానే నాకు చదువు వచ్చింది. మా నాయిన అరుగు మీద కూచోబెట్టి బలపం పట్టించాడు. ఆ తర్వాత ఏ పుస్తకం చేతికొస్తే అదే నా బడి. పెళ్ళయి మేడ్చల్‌కు వచ్చాక చుట్టుపక్కల ఊళ్ళలో సర్కారు గ్రంథాలయాలు ఉన్నాయని విన్నాను. ఒక్కోదానికీ పోయి, అక్కడే కూచుని చదివినంత చదివి రావాలని కోరిక పుట్టింది. కొందరు క్షేత్రాలు తిరుగుతారు కదా, నాకిది అలాంటిదే. మా ఆయన నవ్వి సరేనన్నాడు. అత్తమ్మ ఒక్క షరతు పెట్టింది: పాప పాలకు ఏడ్చే వేళకు ఇంట్లో ఉండాలి. పాపకు అప్పుడు ఐదో నెల. పై పాలు పడితే కక్కేసేది.

తొంభైల చివర్లో ఒక పొద్దున, పాపకు పాలిచ్చి పడుకోబెట్టి, శామీర్‌పేట దాటాక వచ్చే ఒక చిన్న ఊరికి బస్సెక్కాను. ఆ ఊళ్ళోనే మా ఆయన మేనత్త ఉంటుంది. ఆమెకు తెలియకుండా వచ్చి పోదామనుకున్నాను. తెలిస్తే భోజనం పెట్టందే వదలదు, నాకేమో తిరుగు బస్సు తప్పుతుంది.

గ్రంథాలయమంటే రెండు గదులు. ముందు గదిలో మగవాళ్ళు పేపర్లు చదువుకుంటున్నారు. అటెండరు చాయ్‌కి పోయాడట. తల దించుకుని వాళ్ళను దాటి, వెనక గదిలో బీరువాల సందున కింద కూచున్నాను. పుస్తకంలో పడితే నాకు లోకం గుర్తుండదు. ముందు గది ఎప్పుడు ఖాళీ అయిందో తెలియలేదు.

ఆ ఊరివాళ్ళు గ్రంథాలయంలోకి చెప్పులతో రారు, బయటి గుమ్మం ముందే విడుస్తారు. అందుకే అటెండరు మధ్యాహ్నం మూసేటప్పుడు లోపలికి రాడు, గుమ్మం వైపే చూస్తాడు. చెప్పుల్లేకపోతే మనుషులు లేనట్టే. నేనేమో, పురుడు గండం గట్టెక్కిస్తే బోనం ఎత్తేదాకా చెప్పులు తొడగనని మైసమ్మకు మొక్కుకున్నదాన్ని. మొక్కు ఇంకా తీరలేదు.

గడియ పడిన చప్పుడుకు ఉలిక్కిపడి లేచాను. “అన్నా” అన్నాను. గట్టిగా పిలవడం అలవాటు లేని గొంతు తలుపు దాకా కూడా పోలేదు. సైకిలు వెళ్ళిపోయింది. మళ్ళీ తెరిచేది సాయంత్రమే.

కిటికీకి ఊచలున్నాయి. రోడ్డవతల చాయ్ హోటలు, బల్లల మీద మగవాళ్ళు. పిలిస్తే వినపడుతుంది. కానీ పిలిస్తే మేనత్తకూ తెలుస్తుంది, నాకంటే ముందే కబురు మేడ్చల్ చేరుతుంది, ఇక ఏ గ్రంథాలయం మెట్టూ ఎక్కనివ్వరు. ఊచలు పట్టుకుని నిలబడ్డాను. అంతలో రొమ్ములు బరువెక్కి రవిక తడిసింది. ఇంటి దగ్గర పాప లేచిందని అర్థమైంది. తలుపు తెరిపించమని అమ్మవారిని అడగలేదు, నోరు తెరిపించమని అడిగాను.

“అన్నా, లోపట మనిషున్నది. తాళం తియ్యుండ్రి.”

వాళ్ళు అటూ ఇటూ చూశారు. “ఏందిరా, పుస్తకాలు మాట్లాడుతున్నయా?” అన్నాడొకాయన. నవ్వులు. తర్వాత కిటికీలో నన్ను చూసి లేచి వచ్చారు. అటెండరు పక్క ఊరికి దావతుకు పోయాడని, తాళంచెవి అతని జేబులోనే ఉంటుందని తేలింది. ఒకతను వెతకడానికి సైకిలెక్కాడు. అతను రాలేదు, మేనత్త వచ్చింది.

ఊచల్లోంచి నన్ను తేరిపార చూసింది. “మేడ్చల్ కోడలివి గదనే? గిండ్లేం జేస్తున్నవ్?”

“సదువుకుందామని వచ్చిన, అత్తమ్మా. బిడ్డ పాలకు ఏడుస్తుంటది.”

ఆమె చూపు నా తడిసిన రవిక మీద పడింది.  వెనక్కి తిరిగి తాళం పగలగొట్టమంది. సర్కారు తాళమని, కేసవుతుందని వాళ్ళు నసిగారు. “అయితే నా పేరు జెప్పుండ్రి” అని తనే బండరాయి ఎత్తింది. కొట్టగా కొట్టగా గొళ్ళెం ఊడింది.

ఆటో పిలిచి, నాతోపాటు తనూ ఎక్కి కూచుంది. దారి పొడవునా నాకు రెండే ఆలోచనలు. ఆ తల్లికి దండం పెట్టాలని ఒకపక్క, అత్తమ్మతో ఏం చెబుతుందోనని ఒకపక్క.

మా సందు మలుపులోనే పాప ఏడుపు వినిపించింది, గొంతు బొంగురుపోయి ఉంది. అత్తమ్మ గడపలో కూచుని చక్కెర నీళ్ళలో ముంచిన దూది పాప నోటికి తాకిస్తోంది. నన్ను చూసి పాపను అందించింది. లోపలికి తీసుకుపోతే, పాప ముందు మొహం తిప్పుకుంది. రెండుసార్లు వదిలేసింది. నా ప్రాణం నిలవలేదు. చివరికి పట్టుకుంది.

బయట వదినా మరదళ్ళు మాట్లాడుకుంటున్నారు. నా చెవులు రెండూ అక్కడే. మేనత్త దేన్నీ దాచలేదు, దేనికీ ఉప్పూకారం కలపలేదు. కాసేపటికి అత్తమ్మ లోపలికి వచ్చి గోడకు చేరగిలపడింది.

“మల్ల పోతవా?”

ఆమెతో అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. “పోతనత్తమ్మా” అన్నాను.

వంగి పాప నుదుటి చెమట కొంగుతో తుడిచింది. 

“పాలు మరిపిచ్చినంక పో. అందాక గడప దాటకు.”

బయట నుంచి మేనత్త గొంతు: “మా ఊరికైతే నాకు జెప్పి రావాలె. నేనే గుమ్మంల కూసుంట, ఎవడు తాళమేస్తడో జూస్త.”

అత్తమ్మ నవ్వలేదు. కానీ ఆమె ఒక గడువు చెప్పింది. వద్దనే మాట ఆమె నోట రాలేదు. ఆ సంగతి మెల్లగా తలకెక్కి, అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఏడుస్తూనే పాపను రెండో వైపుకు మార్చాను.