మామయ్య ఊపి చూసిన టెలిస్కోపు

మా మామయ్య ఏ వస్తువునైనా ఊపి చూడందే కొననివ్వడు. కుర్చీ, నిచ్చెన, పుస్తకాల బీరువా, ఏదైనా సరే, ముందు పట్టుకుని ఊపుతాడు. ఊగిందా, "వద్దు, పద" అంటాడు. ఆయన పళ్ళ డాక్టరు. పొద్దస్తమానం జనం పళ్ళు కదిలించి చూసే మనిషికి ఇంటికొచ్చినా చెయ్యి ఊరుకోదు కాబోలని మేమంతా నవ్వుకునేవాళ్ళం. నేను పెళ్ళి చేసుకుంటానన్న అబ్బాయిని ఇంటికి తీసుకొస్తే, రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాడు. "ఫరవాలేదు, కాళ్ళు కదల్లేదు" అన్నాడు. పాపం, ఆ అబ్బాయి వారం దాకా ఫోను చెయ్యలేదు.

నాకు చిన్నప్పటినుంచీ చేతులు వణుకుతాయి. నాకున్న కోరికల్లా శనిగ్రహం చుట్టూ ఉండే వలయాన్ని ఒక్కసారి నా చేత్తో నేనే సరిచేసుకుని చూడాలని. ఎవరి టెలిస్కోపు ముట్టుకున్నా శని గంతులేసి పారిపోయేది. "మీరు ముట్టుకోకండి, మేం చూపిస్తాం" అనేవాళ్ళు. ఆ మాట విని విని విసుగెత్తి, సొంతంగా ఒకటి కొనుక్కుందామని కొంత డబ్బు దాచాను. ఎక్కువేం కాదు. మామయ్యకి చెబితే, "ఆ డబ్బు సరిపోతుందిలే. తొందరపడకపోతే చాలు" అన్నాడు.

మొదటి షాపులో పెట్టె మీద కొట్టొచ్చినట్టు రాసి ఉంది.

"ఐదు వందల రెట్లు పెద్దగా చూపిస్తుందట, మామయ్యా!"

"వణుకు కూడా ఐదు వందల రెట్లు కనిపిస్తుందమ్మాయ్," అంటూ దాన్ని ఎదురు మేడ మీది నీళ్ళ ట్యాంకుకి గురిపెట్టి, పుల్లల్లాంటి మూడు కాళ్ళ మీదున్న ఆ గొట్టాన్ని ఊపాడు. "ఇప్పుడు చూడు."

చూశాను. ట్యాంకు చిందులేస్తోంది.

"ట్యాంకుకే ఇలా ఉంటే శనికి చలిజ్వరం వస్తుంది. పద."

రెండో షాపులోనూ ఇదే తంతు. మూడో షాపాయనకి ఒళ్ళు మండింది. "అలా ఊపితే ఏదైనా ఊగుతుందండీ! టెలిస్కోపు కొంటారా, కాయలు రాలుస్తారా?"

"గట్టిగా ఊపట్లేదు బాబూ. మా అమ్మాయి చెయ్యి ఎంత వణుకుతుందో అంతే ఊపుతున్నా," అని మామయ్య చెయ్యి గాల్లో పెట్టి చూపించాడు. అచ్చం నా చెయ్యే.

షాపాయన లోపలికి వెళ్ళి, ఎవరూ అడగక మూల పడి ఉన్న ఒకదాన్ని మోసుకొచ్చాడు. దానికి కాళ్ళే లేవు. బరువైన చెక్క పీట, దాని మీద పొట్టిగా లావుగా ఓ గొట్టం. గొప్పలేం రాసి లేవు. ధర నా దగ్గరున్న దాంట్లోనే. మామయ్య ఊపాడు. రోడ్డవతలి బోర్డు మీది అక్షరం ఒక్కటీ కదల్లేదు.

ఇంటికొచ్చి అత్తయ్యని అడిగాను, ఈ ఊపుడు ఎప్పటినుంచని.

"నీ ఏడో ఏట నువ్వు చెయ్యి వేస్తే బల్ల ఊగి గ్లాసు పడిపోయింది. అందరూ నవ్వితే నువ్వు ఏడ్చావు. ఆ మర్నాడే మొదలెట్టారు. నువ్వు ముట్టుకునేదేదీ ఊగకూడదట. నీతో అంటే నొచ్చుకుంటావని చెప్పద్దన్నారు."

ఇన్నేళ్ళూ ఆయన్ని చూసి నవ్వినందుకు సిగ్గేసింది. అంతకు పదింతలు సంతోషమూ వేసింది.

చీకటి పడగానే డాబా మీది సిమెంటు తిన్నె మీద పీట పెట్టి, నేనే తిప్పాను. చేతులు వణికాయి. శని మాత్రం కదల్లేదు. చుట్టూ వలయం, సన్నగా, నిలకడగా.

"మామయ్యా, నీకెలా థాంక్స్ చెప్పాలో..."

"అవన్నీ తర్వాత. ముందు కాస్త జరుగు తల్లీ, నేనూ ఇంతవరకూ దాన్ని చూడలేదు."